ఇచ్చే ముందు ఎవరినడగాలి?

మూడేళ్ల కింద విత్తనాల పండుగకు మా గూడెం కుర్రాళ్లు ఒక వీడియో తీశారు. ఆడవాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని రేల పాడుతూ ఆడుతున్నారు, వెనక డోలు మోగుతోంది. పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న ఒక తమ్ముడు దాన్ని ఫోన్‌లోనే కత్తిరించి, అతికించి, ఇంటర్నెట్‌లో పెట్టాడు. రెండో రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని బడికి వచ్చాడు. "సార్, ఇదేందో చూడండి" అన్నాడు. ఈ పాట మీద కాపీరైట్ వేరేవాళ్లదని, ఈ వీడియో మీద డబ్బులు ఏమైనా వస్తే వాళ్లకే పోతాయని తెర మీద రాసి ఉంది. ఎవరా వాళ్లు అని చూస్తే, అదే పాటకు కీబోర్డు మోత కలిపి అమ్ముకుంటున్న ఒక ఆడియో వాళ్లు. వాళ్లకు ఆ పాట ఎక్కడ దొరికిందో మాకు తెలుసు. ఏడెనిమిదేళ్ల కింద మా పక్క గూడేనికి వచ్చి, ఒక సాయంత్రం కూర్చుని రికార్డు చేసుకుని పోయారు. పాడినవాళ్లకు టీ పోయించారు.

ఆ పిల్లాడు భయపడి వీడియో తీసేశాడు. తీసేయాల్సిన పని లేదు, అభ్యంతరం రాసి పంపవచ్చు. ఆ సంగతి అప్పుడు నాకూ తెలియదు. నేను లాయరును కాను. డైట్‌లో రెండేళ్లు శిక్షణ పొంది గిరిజన సంక్షేమ ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు అక్షరాలు నేర్పే కోయ పంతులును. కానీ మా అమ్మ పాడిన పాట మా పిల్లాడు పెడితే దొంగ అనిపించుకోవడం ఏమిటనే కోపంతో కాపీరైట్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో మనకు పనికొచ్చేది చెబుతాను. చదివాక నేనే చేసిన తప్పు కూడా చెబుతాను. ఈ వ్యాసం అసలు ఆ తప్పు గురించే.

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఒక మనిషి కథో పాటో బొమ్మో తయారుచేస్తే, ఆ క్షణం నుంచే హక్కు ఆ మనిషిది. రిజిస్ట్రేషన్ చేయించుకోకపోయినా హక్కు ఉంటుంది. బతికినంత కాలం ఉంటుంది, పోయాక ఇంకో 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. మన పాటకు వచ్చేసరికి ఈ చట్టం తడబడుతుంది. రచయిత ఎవరు అని అడుగుతుంది. ఎవరని చెబుతాం? మా అమ్మ వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుంది, ఆమె ఇంకొకరి దగ్గర. కోత కాలంలో ఒక చరణం పెరుగుతుంది, పెళ్లిలో ఒక చరణం మారుతుంది. రచయిత లేడు కాబట్టి పాటకు యజమాని లేడని చట్టం ఊరుకుంటుంది. కానీ అదే పాటను రికార్డు చేస్తే ఆ రికార్డింగుకు మాత్రం యజమాని ఉంటాడు. అతను పాడినవాడు కాదు, రికార్డు చేయించినవాడు. పాడిన మనిషికి ప్రదర్శన హక్కు అని 50 ఏళ్ల హక్కు ఒకటి ఉంది గానీ, అది ఉందని టీ తాగి లేచిపోయిన మా అక్కలకు ఎవరు చెప్పారు?

ఆ ఆడియో వాళ్లకు పాట మీద హక్కు లేదు, వాళ్ల రికార్డింగు మీదే ఉంది. రాగం పోల్చి చూసే యంత్రానికి ఈ తేడా తెలియలేదు. అందుకే మా పిల్లాడికి నోటీసు వచ్చింది.

ఈ కోపంలో ఉండగానే నాకు స్వేచ్ఛా లైసెన్సుల గురించి తెలిసింది. క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ 2001లో అమెరికాలో మొదలైంది, 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులు విడుదల చేసింది. ఆలోచన చాలా తేలిక. కాపీరైట్ ప్రకారం నీ రచనను ఎవరు వాడుకోవాలన్నా నిన్ను అడగాలి. అందరూ వచ్చి అడగనక్కర్లేదు, ఈ షరతులకు ఒప్పుకుంటే తీసుకోండి అని నువ్వే ముందుగా రాసి పెట్టడమే లైసెన్సు. షరతులు నాలుగే. నా పేరు చెప్పాలి. నువ్వు మార్చి తయారుచేసిన దాన్ని కూడా ఇదే షరతుతో పదిమందికి ఇవ్వాలి. వ్యాపారానికి వాడకూడదు. మార్చకూడదు. ఈ నాలుగింటిని కలిపితే ఆరు రకాల లైసెన్సులు వస్తాయి. రెండో షరతు నాకు బాగా నచ్చింది. అది మన బదులు పని లాంటిది. నా చేనుకు నువ్వు వచ్చావు, నీ చేనుకు నేను వస్తాను. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది, ఇవాళ దాని వ్యాసాలన్నీ ఈ బదులు షరతు మీదే ఉన్నాయి. సంతాలీలు 2018లో తమ సొంత ఓల్ చికి లిపిలోనే వికీపీడియా తెచ్చుకున్నారు.

టీచర్లకు ఒక మాట. "మార్చకూడదు" అనే షరతు చూసి మోసపోకండి. వినడానికి అది మన కథను కాపాడే షరతులా ఉంటుంది. కానీ అనువాదం కూడా మార్పే. ఆ షరతుతో ఉన్న తెలుగు కథల పుస్తకాన్ని మీరు కోయలోకో కొండ భాషలోకో తెచ్చి పంచలేరు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ మొదలుపెట్టినప్పుడు పేరు చెబితే చాలు అనే లైసెన్సు పెట్టారు. అందుకే ఆ కథలు గోండి లాంటి ఆదివాసీ భాషల్లోకి కూడా వెళ్లగలిగాయి. ఒకటో తరగతిలో తెలుగు రాని పిల్లాడి ముందు తెలుగు వాచకం పెట్టి కూర్చున్న ప్రతి పంతులుకూ దాని విలువ తెలుసు.

ఇంకో ఉదాహరణ మన దగ్గరిదే. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ తర్వాత దానికి నోటో ఫాంటు వచ్చింది. ఆ ఫాంటు స్వేచ్ఛా లైసెన్సు మీదే ఉంది. గోండు పిల్లవాడు పైసా కట్టకుండా తన ఫోన్‌లో తన లిపి వేసుకోవచ్చు, ఆ ఫాంటును బాగుచేసి మళ్లీ పంచవచ్చు కూడా. పాత పుస్తకాల్లో మిగిలిన అక్షరాలు ఇలా తెరమీదకు వచ్చాయి. దాన్ని ఎవరైనా తాళం వేసి అమ్మి ఉంటే మన బడుల్లో ఎంతమంది కొనేవాళ్లు?

ఇవన్నీ చదివి నాకు ఉత్సాహం వచ్చింది. తాళం వేసుకునేవాళ్ల మీద కోపంతో నేను తలుపే పీకేశాను.

మా ఊళ్లో ఒక అవ్వ ఉంది. పేరు రాయను. ఆమెకు తెలిసినన్ని కథలు మా చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియవు. రెండేళ్ల కింద నేను బడి పిల్లలను తీసుకుని ఒక రాత్రి ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె మూడు కథలు చెప్పింది. పిల్లలు బొమ్మలు గీశారు. నేను తెలుగులో రాశాను, ఒక పక్క కోయ మాటలు తెలుగు అక్షరాల్లో పెట్టాను. నియమం ప్రకారం చేయాలని ఒక కాగితం రాసి, చదివి వినిపించి, ఆమె వేలిముద్ర కూడా తీసుకున్నాను. తర్వాత పేరు చెబితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అనే లైసెన్సుతో ఇంటర్నెట్‌లో పెట్టాను. రచన అని నా పేరు, లోపల చిన్న అక్షరాల్లో ఆమె పేరు.

ఏడాది తిరగకముందే ఒక కథ రెండు భాషల్లోకి వెళ్లింది. నేను స్టాఫ్ రూములో అందరికీ చూపించుకున్నాను. తర్వాత ఎవరో దాన్ని బొమ్మల వీడియోగా చేశారు. అందులో మా ఇలవేల్పును కిరీటం పెట్టి, నగలు వేసి, సినిమా దేవతలా గీశారు. ఒక కుర్రాడు దాన్ని తీసుకెళ్లి అవ్వకు చూపించాడు. అప్పుడు వానాకాలం సగం అయిపోయింది.

ఆమె నన్ను పిలిపించింది. కిరీటం గురించి అంటుందనుకున్నాను. ఆమె దాని గురించి ఎత్తనే లేదు. "ఈ కథ ఇప్పుడెందుకు చెప్తున్నరు బిడ్డా?" అని అడిగింది. మూడింటిలో ఆ ఒక్క కథ విత్తనాల పండుగ ముందు రాత్రి, విత్తనం దగ్గర కూర్చుని చెప్పేది. మిగతా రోజుల్లో చెప్పరు. నేను పిల్లలను తీసుకుపోయిన రాత్రి ఆ రాత్రే. సెలవు కుదిరి ఆ రోజు వెళ్లానని నేను అనుకున్నాను. ఆ రోజు కాబట్టే ఆమె ఆ కథ చెప్పిందని నాకు తట్టలేదు. కోయ ఇంట్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు పెరిగినవాడికి ఎంత తెలుస్తుంది?

"వాపసు తీస్కో" అంది. కుదరదని చెప్పాను. ఆ లైసెన్సులు వెనక్కి తీసుకునేవి కావు. నా పేజీలో నేను తీసేయగలను, తీసేశాను కూడా. కానీ అప్పటికే తీసుకున్నవాళ్ల హక్కు పోదు, వాళ్ల దగ్గర నుంచి ఇంకొకరు తీసుకోవచ్చు. "నువ్వు వేలిముద్ర వేశావు కదా అవ్వా" అని కూడా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది నేనేం అన్నానో. మన తాతల భూములు ఎలాంటి కాగితాల మీద వేలిముద్రలతో పోయాయో మన పిల్లలకు నేనే పాఠంగా చెబుతాను.

ఆమె కోపగించుకోలేదు. "నేను కథ చెప్పిన. ఇచ్చిన అని అన్ననా?" అంది. కాసేపాగి, "నా ఒక్కదానిదైతే తీస్కపో అందును. అది మా గట్టు మొత్తానిది" అంది.

ఆ కథ ఏమిటో ఇక్కడ రాయడం లేదు.

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. లైసెన్సు అంటే ఇవ్వడం. తనది కానిదాన్ని ఎవరైనా ఎలా ఇస్తారు? ఆ ఆడియో వాళ్లు మా పాటను తమదని మూసిపెట్టుకున్నారు. నేను మా కథను నాదన్నట్టు పంచిపెట్టాను. వాళ్లది దురాశ, నాది మంచి ఉద్దేశం. కానీ పాట విషయంలో, కథ విషయంలో ఇద్దరం చేసిన పని ఒకటే. అడగాల్సినవాళ్లను అడగలేదు.

కొందరు మిత్రులు దీనికి 1/70 చట్టాన్ని గుర్తుచేస్తారు. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీ తన ఇష్టంతో అమ్మినా భూమి ఆదివాసేతరుడికి చెల్లదు. భూమి ఒక మనిషి చేతిలో ఉన్నా అది మొత్తం జాతి బతుకు అని ఆ చట్టం గుర్తించింది. పాటకూ అలాంటిదే కావాలని, బయటివాళ్లు ఎవరూ ముట్టకూడదని వాళ్ల వాదన. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. భూమి పక్కవాడికిస్తే నా చేతిలో ఉండదు. పాట ఇస్తే నా గొంతులోనూ ఉంటుంది, అతని గొంతులోనూ ఉంటుంది. 2011 జనగణనలో కోయ మా మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 4 లక్షల మంది. మా తరగతి పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. ఇలాంటి భాషలో పాటను బీరువాలో పెట్టి తాళం వేస్తే దాన్ని దొంగ ఎత్తుకుపోడు, చెదలు తింటాయి.

అటు స్వేచ్ఛా లైసెన్సులు నమ్మే మిత్రులు ఇంకో మాట అంటారు. జ్ఞానం అందరిదీ, ఆదివాసీలైతే ఉమ్మడిగా బతికేవాళ్లు, మీకు హక్కుల గొడవ ఎందుకు అని. ఇది పొగడ్తలా వినిపిస్తుంది గానీ, మనల్ని సరిగా చూడనివాళ్ల మాట. మన అడవిలో ఉమ్మడి అంటే ఎవరిదీ కాదని అర్థం కాదు. మామిడి చెట్టు ఊరందరిదీ. కానీ పండుగ చేసి వేల్పుకు పెట్టకముందు ఎవరూ కాయ కోయరు. తర్వాత ఎవరైనా కోయొచ్చు. ఇది కూడా లైసెన్సే, షరతులున్న లైసెన్సు. ఎప్పుడు, ఎవరు, ఎవరి ముందు అనేవి ఆ షరతులు. క్రియేటివ్ కామన్స్ నాలుగు షరతుల్లో ఈ మూడూ లేవు. తప్పు వాళ్లది కాదు. ఒంటరిగా కూర్చుని రాసుకునే రచయితను మనసులో పెట్టుకుని తయారుచేసిన కాగితం అది. అలాంటి రచయితకు అది చక్కగా సరిపోతుంది.

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. పసిఫిక్ సముద్రంలో సాలమన్ దీవులున్నాయి. అక్కడి మలైటా దీవిలో అఫునక్వా అనే స్త్రీ బేగు భాషలో ఒక జోలపాట పాడింది. తల్లిదండ్రులు పోయిన తమ్ముణ్ని ఊరుకోబెట్టే పాట. హ్యూగో జెంప్ అనే సంగీత పరిశోధకుడు దాన్ని రికార్డు చేశాడు, 1970లలో యునెస్కో సంగీత వరుసలో అది వచ్చింది. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి బృందం ఆమె గొంతును తీసుకుని, వాయిద్యాలు కలిపి విడుదల చేసింది. ఆ ఆల్బం లక్షల్లో అమ్ముడుపోయింది. తాను అనుమతి ఇవ్వలేదని ఆ పరిశోధకుడు తర్వాత రాశాడు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వేరే సంగతి. 1996లో నార్వే సంగీతకారుడు ఒకరు ఆ రాగాన్నే వాయించి, దానికి పిగ్మీ జోలపాట అని పేరు పెట్టారు. పిగ్మీలు ఆఫ్రికా అడవుల్లో ఉంటారు. సముద్రం మధ్య దీవిలోని అక్క పాట ఏ గుర్తూ లేకుండా ఇంకో ఖండానికి చెందినదైపోయింది. అఫునక్వా పేరు ఆ పాటతోనే నడిచి ఉంటే ఆ పొరపాటు జరిగేదా? పేరు చెప్పాలనే షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. అయితే ఎవరి పేరు అనేది ముందు తేల్చుకోవాలి. నా పుస్తకంలో అట్ట మీద నా పేరు ఉంది.

మూలవాసుల హక్కుల ప్రకటనను ఐక్యరాజ్యసమితి 2007లో ఆమోదించింది. భారతదేశం అనుకూలంగానే ఓటు వేసింది. తమ పాటలు, కథలు, ఆటల మీద అదుపు ఆ జాతులదే అని అందులో 31వ అధికరణం చెబుతుంది. కానీ అది ప్రకటన, మన కోర్టులో పట్టుకుపోయే చట్టం కాదు. మన మూలికల కోసం 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది, జోలపాట కోసం అలాంటిది లేదు. ఈ ఖాళీని చూసి లోకల్ కాంటెక్స్ట్స్ అనే బృందం కొన్ని గుర్తులు తయారుచేసింది. ఇది ఫలానా కాలంలోనే వినాల్సినది, ఇది ఆడవాళ్లకే చెందినది, ఇది వ్యాపారానికి కాదు అని సమాజమే తన పాట పక్కన ఆ గుర్తులు పెట్టుకోవచ్చు. అవి చట్టపరమైన లైసెన్సులు కావు, ఒక విన్నపం. విన్నపాన్ని ఎవరు లెక్కచేస్తారని మీరు అడగవచ్చు. మామిడికాయ దగ్గర పోలీసు ఎవరున్నారు?

ఇప్పుడు మా బడిలో ఏం చేస్తున్నామో చెబుతాను, ఇది అందరికీ కుదురుతుందని కాదు. నేను సొంతంగా తయారుచేసిన లెక్కల ఆటలు, అక్షరాల కార్డులు, నా కవితలు స్వేచ్ఛా లైసెన్సుతోనే పెడుతున్నాను. అవి నావి, ఇచ్చేశాను. ఉద్యోగంలో భాగంగా పై అధికారులు రాయించుకున్న పుస్తకం మాత్రం వేరే ఒప్పందం లేకపోతే ప్రభుత్వానిది అవుతుంది. దాన్ని మనం ఇవ్వలేం, ఇది కూడా తెలుసుకోండి. పిల్లలు గీసిన బొమ్మలు పిల్లలవి. వాళ్లనీ ఇంట్లోవాళ్లనీ అడగకుండా పెట్టడం లేదు. ఒక అమ్మాయి తన నెమలి బొమ్మ వద్దంది. ఎందుకని అడిగితే కాలు సరిగా రాలేదంది. పెట్టలేదు.

పెద్దల దగ్గర విన్నవాటికి ఒక నోటుబుక్కు పెట్టాం. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ గట్టుది, ఎప్పుడు చెప్పేది, ఎవరు వినకూడదు అని రాస్తున్నాం. తర్వాత కాగితం మీద వేలిముద్ర కాకుండా, ఊరు కూర్చున్నప్పుడు నలుగురి ముందు అడుగుతున్నాం. ఆలస్యమవుతుంది. ఒక పొడుపుకథల పుస్తకానికి ఏడు నెలలు పట్టింది. ఊళ్లో అందరూ పంచమన్నారు కాబట్టి, బదులు షరతుతో, ఊరి పేరు మీద పంచాం. అవ్వ చెప్పిన మిగతా రెండు కథలు కూడా ఆమె, ఆమె గట్టు పెద్దలు ఉండనీ అన్నారు కాబట్టి ఉన్నాయి. ఈసారి అట్ట మీద ఆమె పేరు ఉంది, నా పేరు లోపల రాసినవాడిగా ఉంది. కిరీటం పెట్టిన వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. తయారుచేసినవాళ్లకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

కిందటి నెల ఒక తమ్ముడు నాకు మెమరీ కార్డు తెచ్చి ఇచ్చాడు. పడిగె పట్టుకుని వేల్పు కథ చెప్పే వాళ్ల మామను, పోయే ముందు ఏడాది రికార్డు చేసినది. మూడు గంటలు ఉంది. ఆ కథ అంత నిండుగా తెలిసినవాళ్లు ఇప్పుడు ఆ ఇంట్లో లేరు. "ఇంటర్నెట్‌లో పెడదాం సార్, లేకపోతే పోతుంది" అన్నాడు. మామ పెద్దకొడుకు పెట్టమంటున్నాడు. చిన్నకొడుకు వద్దంటున్నాడు. వేరే ఊళ్లో ఉన్న గట్టు పెద్దలను ఇంకా అడగలేదు. ముందు మూడు నకళ్లు తీసి ఆ ఇంట్లో ఒకటి, గట్టు పెద్ద దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉంచాం, తరిగిపోకుండా. కోతలు అయ్యాక అందరూ కూర్చుంటామన్నారు. కార్డు నా బీరువాలో ఉంది. ఆ మూడు గంటలు నేనూ ఇంకా వినలేదు.